నోటి నుంచి మనసులోకి: పదమూడక్షరాల జపం, 40 రోజుల అనుభవం

కళ్ళు మూసుకుని, మొదటి రోజే మనసులో మంత్రం అనుకుంటూ ధ్యానం మొదలుపెట్టినవాళ్ళలో చాలామంది వారం తిరక్కుండా మానేస్తారు. నేనూ రెండుసార్లు అలాగే మానేశాను. పది నిమిషాలు కూర్చుంటే మంత్రం నడిచేది ఒకటి రెండు నిమిషాలు. మిగతాదంతా కరెంటు బిల్లు, నిన్న ఎవరో అన్న మాట, రేపటి పని. ఏకాగ్రత మన వల్ల కాదనుకుని లేచిపోవడమే. మూడోసారి మొదలుపెట్టినప్పుడు తెలిసింది, తప్పంతా వరసలో ఉందని. జపానికి మన పెద్దలు మూడు మెట్లు చెప్పారు. పైకి వినిపించేలా పలికేది వాచికం. పెదవులు కదులుతున్నా పక్కవాళ్ళకు వినపడనిది ఉపాంశువు. నోరు కదలకుండా లోపలే సాగేది మానసికం. ఫలం చెప్పేటప్పుడు మానసికానికి పెద్దపీట వేశారు కాబట్టి అందరం నేరుగా అక్కడికే వెళ్తాం. మొదటి రెండు మెట్లూ ఎక్కకుండా మూడో దాని మీద నిలబడటం ఎవరికైనా కష్టమే. అందుకే ఈసారి ఒక మండలం, అంటే 40 రోజులు, నోటితో మొదలుపెట్టి మెల్లగా లోపలికి తీసుకెళ్ళాను. ఎన్ని రోజులు ఎక్కడ ఆగానో, ఎక్కడెక్కడ తప్పు జరుగుతుందో, ఎందుకు జరుగుతుందో రాస్తున్నాను.

ముందు మంత్రం సంగతి. గాయత్రి, బీజాక్షరాలతో కూడిన మంత్రాలు గురువు దగ్గర ఉపదేశంగా తీసుకోవలసినవి. వాటిని పుస్తకం చూసో, వీడియో విని పట్టుకునో మొదలుపెట్టడం నాకు సమ్మతం కాదు. స్వరం తప్పినా, అక్షరం జారినా దిద్దేవాళ్ళు ఉండరు కదా. నామమంత్రాలకు ఆ కట్టుబాటు లేదు. ఎవరైనా, ఎప్పుడైనా పలకవచ్చు. నేను తీసుకున్నది "శ్రీరామ జయరామ జయజయరామ". పదమూడు అక్షరాలు కాబట్టి త్రయోదశాక్షరి అంటారు. శివనామం ఇష్టమైనవాళ్ళు "నమః శివాయ" తీసుకోవచ్చు, అమ్మవారి నామమైనా సరే. పద్ధతి మారదు, కాలం లెక్కలే కొంచెం మారతాయి.

పొడవు చూసి ఎంచుకోవడం మాత్రం ముఖ్యం. "రామ" అని రెండక్షరాలే పెట్టుకుంటే నాలుగో నిమిషానికి వేగం పెరిగి "రామరామరామ" అంతా ఒకే ముద్దైపోతుంది. మరీ పొడుగైతే మధ్యలో ఊపిరి తెగి, రెండో సగం మొక్కుబడిగా సాగుతుంది. ఈ పదమూడక్షరాల్లో గురులఘువులు లెక్కేస్తే 17 మాత్రలు వస్తాయి. తొందరపడకుండా పలికితే 4 సెకన్లు. ఒక నిశ్వాసంలో రెండుసార్లు హాయిగా పడుతుంది. అంటే 8 సెకన్లు వదలడం, 2 సెకన్లు పీల్చుకోవడం, మొత్తం 10. నిమిషానికి ఆరు ఊపిరులు, పన్నెండు మంత్రాలు. 108 పూసలకు 9 నిమిషాలు.

ఈ ఆరు అనే అంకె కాకతాళీయంగా కలిసొచ్చింది కానీ విలువైనది. 2001లో ఇటలీలోని పావియా విశ్వవిద్యాలయానికి చెందిన లూచానో బెర్నార్డి బృందం 23 మంది ఆరోగ్యవంతుల మీద ఒక పరిశీలన చేసింది. క్రైస్తవుల జపమాల ప్రార్థనను లాటిన్‌లోనూ, టిబెట్ బౌద్ధుల "ఓం మణి పద్మే హుం" మంత్రాన్నీ వాళ్ళ చేత పలికించి చూశారు. రెండింటిలోనూ ఊపిరి దానంతట అదే నిమిషానికి ఆరుకు దగ్గరగా దిగింది. గుండె కొట్టుకునే తీరు, రక్తపోటు కూడా అదే లయలో పడ్డాయి, రక్తపోటును సర్దుబాటు చేసే ప్రతిచర్య మెరుగుపడింది. మామూలుగా కూర్చున్నప్పుడు మనం నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తాం. నిదానంగా పైకి పలికే జపం ప్రాణాయామం పేరెత్తకుండానే ఊపిరిని సగానికి దించుతుంది. వాచికాన్ని ఎందుకు వదలకూడదో చెప్పడానికి నా దృష్టిలో ఈ ఒక్క కారణం చాలు.

ఇక మాల. తులసి పూసలు తేలిక, వేలికి మెత్తగా ఉంటాయి, కానీ నీళ్ళు తగిలితే త్వరగా పాడవుతాయి. రుద్రాక్షలైతే పంచముఖివి తేలిగ్గా దొరుకుతాయి. కొన్న రోజే గిన్నెడు నీళ్ళలో ఒక రాత్రి ఉంచండి. రంగు పూసినవైతే తెల్లారేసరికి నీళ్ళు ఎర్రబడతాయి. అలా రంగు వదిలాక ఆరబెట్టి, ఒక చుక్క నువ్వుల నూనె రాసి గుడ్డతో తుడిచేస్తే పగుళ్ళివ్వవు. పూస 8 మిల్లీమీటర్లు ఉంటే వేళ్ళకు సరిగ్గా అందుతుంది. అంతకంటే చిన్నదైతే ఒకేసారి రెండు జారతాయి. పూసకూ పూసకూ మధ్య ముడి ఉన్న మాలే తీసుకోవాలి. ముడి లేకపోతే పూసలు ఒకదానికొకటి ఒరుసుకుని టకటకమని చప్పుడు చేస్తాయి, వేలికి ఎడం తెలియదు. 108 పూసలు, ముడులతో కలిపి చుట్టుకొలత మీటరుకు దగ్గరగా వస్తుంది. కొన్నాక ఒకసారి లెక్కపెట్టుకోండి. నేను కొన్నదాంట్లో 106 ఉన్నాయి, మళ్ళీ గుచ్చించుకోవలసి వచ్చింది.

మాల మధ్యవేలి మీద వేలాడాలి. బొటనవేలితో పూసను లోపలికి, అంటే అరచేతి వైపుకు లాగాలి. చూపుడువేలు తాకకూడదన్నది సంప్రదాయం. తిప్పి చూస్తే అందులో సౌకర్యమూ ఉంది. చూపుడువేలు కలిస్తే చెయ్యి బిగుసుకుంటుంది, రెండు వేళ్ళ మధ్య పూసను చిటికెలా పట్టుకోవాలనిపిస్తుంది. దాన్ని ఎడంగా ఉంచితే మణికట్టు వదులుగా ఉంటుంది. 108 పూర్తయి మేరువు, అంటే మాల కొసను గుర్తుపట్టడానికి లెక్కలో చేరకుండా విడిగా ఉండే పూస, తగలగానే దాన్ని దాటకుండా, చివరి పూసను బొటనవేలితో నొక్కిపట్టి మణికట్టు లోపలికి తిప్పి, అదే పూసను మొదటిదిగా చేసుకుని వెనక్కి నడవాలి. ఇది చీకట్లో చేయగలిగేదాకా మొదటి రెండు రోజులు విడిగా అభ్యాసం చేశాను. ఇక్కడ తడబడితే ప్రతి తొమ్మిది నిమిషాలకోసారి కళ్ళు తెరవాల్సి వస్తుంది.

మాల లేనిచోట కరమాల ఉంది, అంటే బొటనవేలితో వేళ్ళ కణుపులను తాకుతూ లెక్కపెట్టడం. కుడి ఉంగరపువేలి నడిమి కణుపు దగ్గర మొదలు, దాని కింది కణుపు రెండు, చిటికెనవేలి కింది నుంచి పైకి మూడు, నాలుగు, ఐదు, ఉంగరపువేలి కొస ఆరు, మధ్యవేలి కొస ఏడు, చూపుడువేలి కొస ఎనిమిది, అక్కడి నుంచి కిందికి తొమ్మిది, పది. మధ్యవేలి కింది రెండు కణుపులే మేరువు, వాటిని తాకం. పదులు ఎడమచేత్తో లెక్కపెట్టుకుంటే సరి. బస్సులో, ఆసుపత్రి వరండాలో బాగా పనికొస్తుంది. వేలికి తొడిగే మీట నొక్కుడు లెక్కల యంత్రాలు ఇప్పుడు గుళ్ళ దగ్గర అమ్ముతున్నారు కానీ నాకు నచ్చలేదు. అంకె మారిందా లేదా అని చూపు దాని మీదికే పోతుంది.

కూర్చోవడం గురించి ఎక్కువ రాయను, ఒక్క విషయం తప్ప. నేల మీద చాప పరిచి బాసిపట్టు వేస్తే మోకాళ్ళు నడుము కంటే పైకి లేస్తున్నాయంటే ఆసనం ఎత్తు చాలలేదని. దుప్పటి నాలుగు మడతలు పెట్టి పిరుదుల కిందికి మాత్రమే తోయండి. 3, 4 అంగుళాలు లేస్తే మోకాళ్ళు కిందికి దిగుతాయి, వెన్ను దానంతట అదే నిలబడుతుంది. కాలు తిమ్మిరెక్కేది నరం నొక్కుకుపోవడం వల్ల. ఎత్తు సరిచేస్తే చాలావరకు పోతుంది. పోకపోతే కుర్చీ వాడండి. పాదాలు రెండూ నేలకు ఆనాలి, వీపు మాత్రం ఆనించకూడదు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు నేల మీదే కూర్చోవాలని పట్టుబట్టి జపం మానేయడం కంటే కుర్చీ వెయ్యి రెట్లు మేలు.

వేళ విషయంలో బ్రాహ్మీముహూర్తం అంటారు. సూర్యోదయానికి గంటా 36 నిమిషాల ముందు మొదలై 48 నిమిషాలుంటుంది. హైదరాబాద్‌లో మే చివర అది 4 గంటల 5 నిమిషాలకు అటూఇటూగా వస్తే, జనవరిలో ఐదుంబావుకు వస్తుంది. నిద్ర ఆరు గంటలకు తగ్గేటట్టయితే ఆ వేళకు లేవకండి. లేచినా కునికిపాట్లే. నేను ఉదయం 5:30 పెట్టుకున్నాను, కాలకృత్యాలయ్యాక, కాఫీకి ముందు. కాఫీ తర్వాత కూర్చుంటే మంత్రం పరుగెత్తుతుంది. సాయంత్రం రెండో విడతకు భోజనానికి ముందు వేళ మంచిది. తిన్నాక కూర్చోవాలంటే కనీసం రెండు గంటల ఎడం ఉండాలి.

మొదటి పది రోజులూ వాచికమే. పూటకు రెండు మాలలు, 18 నిమిషాలు. గొంతు మామూలుగా మాట్లాడే స్థాయికి కొంచెం కిందుగా, రాగం లేకుండా పలికాను. రాగం ఎందుకు వద్దంటే, ఈ మంత్రానికి భజనల్లో పాడే వరస ఒకటి అందరి చెవుల్లోనూ ఉంటుంది. ఆ వరస అందుకోగానే మనసు మంత్రాన్ని వదిలి పాట వెంట పోతుంది, ఆ పాట విన్న గుడీ, అక్కడి మనుషులూ గుర్తొస్తారు. ఒకే శ్రుతిలో, గోడకు సున్నం వేసినట్టు సమంగా సాగాలి. "శ్రీ"ని "స్రీ" అనకూడదు. "రా"కు రెండు మాత్రలూ నిండుగా ఇవ్వాలి. అన్నిటికంటే ముందు అరిగిపోయేది "జయజయ". మూడో రోజుకే నా నోట్లో అది "జేజే" అయింది. చెవికి తెలియదు. అందుకే ఫోన్‌లో రెండు నిమిషాలు రికార్డు చేసుకుని విన్నాను. పది రోజుల్లో ఆ పని మూడుసార్లు చేశాను, మూడుసార్లూ ఏదో ఒక అక్షరం దొరికింది.

ఈ దశలో నాకు పనికొచ్చిన కొలబద్ద గడియారం. మాల మొదలుపెట్టినప్పుడూ ముగించినప్పుడూ వేళ చూసి నోటుపుస్తకంలో రాసుకోవడం, అంతే. 9 నిమిషాలు పట్టాల్సిన మాల 6 నిమిషాల్లో అయిందంటే, నోటికి పగ్గాలు వదిలేసి మనసు ఎక్కడో తిరిగొచ్చిందన్నమాట. 12 నిమిషాలు పట్టిందంటే మధ్యలో కునుకు పట్టింది. నా మొదటి నాలుగు రోజుల లెక్క 7, 6, 6, 7. ఎనిమిదో రోజుకు 9 దగ్గర నిలబడింది. మనసు కుదురుగా ఉందా లేదా అని మనసునే అడిగితే నిజం చెప్పదు. గడియారం చెబుతుంది.

గొంతు ఎండిపోతే లోటా నీళ్ళు పక్కన పెట్టుకోవచ్చు, మాలకూ మాలకూ మధ్య ఒక గుక్క. రోజూ ఎండిపోతోందంటే గట్టిగా పలుకుతున్నారని అర్థం. ఊపిరి పూర్తిగా ఖాళీ అయ్యేదాకా సాగదీయకండి. రెండో మంత్రం చివర ఇంకా కొంచెం గాలి మిగిలి ఉండాలి. ఖాళీ చేస్తే తర్వాతి శ్వాస గుటుక్కున లోపలికి వస్తుంది, నాలుగైదు సార్లయ్యేసరికి తల తేలిపోయినట్టుంటుంది. దాన్ని ధ్యానానుభవం అనుకునేవాళ్ళున్నారు. అది ఊపిరి లెక్క తప్పడం మాత్రమే.

పదకొండో రోజు నుంచి ఉపాంశువు. ఒక్కసారిగా మారలేదు. మొదటి మాల పైకి, రెండోది పెదవుల మీద. ఇందులో అందరూ చేసే తప్పు గుసగుసగా పలకడం. గుసగుసలో గాలి ఎక్కువ ఖర్చవుతుంది, గొంతు బిగుస్తుంది, పెదవులు ఎండిపోతాయి, పావుగంటకే అలసట. గొంతులో సన్నటి నాదం ఉంచి, దాన్ని మన చెవికి మాత్రమే వినపడేంతకు తగ్గించుకోవాలి. రెండు వేళ్ళు గొంతు మీద ఆనించి చూడండి. చిన్న ప్రకంపన తెలియాలి. తెలియకపోతే అది గుసగుస. ఈ ఒక్క తేడా పట్టుకోవడానికి నాకు మూడు రోజులు పట్టింది. పట్టాక ఉపాంశువే మూడింటిలోకీ హాయిగా అనిపించింది. ఇప్పటికీ నా అభిప్రాయం అదే.

నిద్ర ముంచుకొచ్చేది కూడా ఈ మెట్టు మీదే. నోరు తగ్గింది, మనసింకా పని అందుకోలేదు, మధ్యలో ఖాళీ. ఆ ఖాళీలోకి కునుకు దూరుతుంది. పతంజలి చెప్పిన తొమ్మిది అంతరాయాల్లో స్త్యానం, ఆలస్యం అని రెండు వేరువేరుగా ఉండటం నాకిక్కడే అర్థమైంది. మనసు మొద్దుబారడం ఒకటి, ఒళ్ళు బరువెక్కడం ఇంకొకటి. ఒళ్ళు బరువైతే రాత్రి నిద్ర చాలలేదు, లేదా రాత్రి భోజనం ఆలస్యమైంది. దానికి మందు తొమ్మిదింటికి పడుకోవడమే. మనసు మొద్దుబారితే వెంటనే పది మంత్రాలు పైకి పలకండి, కళ్ళు సగం తెరిచి ముక్కు కొనకు రెండు మూరల దూరంలో నేలను చూడండి. అయిదు నిమిషాల్లో తేరుకుంటుంది. చేతిలోంచి మాల జారి కిందపడితే కంగారు పడనక్కర్లేదు. అలా జారకుండా గోముఖి అనే గుడ్డసంచిలో చెయ్యి పెట్టి తిప్పవచ్చు. నేను దాన్ని ఈ దశలోనే కొన్నాను.

ఇరవై మూడో రోజు నుంచి మూడు మాలలు. ఒకటి వాచికం, ఒకటి ఉపాంశువు, ఒకటి మానసికం. ఇదే అసలు ప్రయాణం కాబట్టి నిదానంగా చెబుతాను.

ఉపాంశువు మాల చివరి ఇరవై పూసల దగ్గర నాదాన్ని మెల్లగా తగ్గిస్తూ రావాలి. పెదవుల కదలిక ఆగుతుంది. నాలుక మాత్రం ఆగదు. పళ్ళ వెనక "ర"కూ "జ"కూ సన్నగా కదులుతూనే ఉంటుంది. దాన్ని మొదటి రోజే బలవంతంగా ఆపకూడదు, ఆపితే దవడ బిగుస్తుంది. నాలుకను మెత్తగా అంగిలికి ఆనించి వదిలేస్తే నాలుగైదు రోజుల్లో కదలిక తగ్గుతుంది. ఆ తర్వాత గొంతులో మిగిలిన చిన్న కదలిక. అదీ పోయాక మంత్రం మన గొంతులా కాకుండా ఎక్కడో లోపల మోగుతున్నట్టుంటుంది. కొందరికి అక్షరాలు స్పష్టంగా వినిపిస్తాయి, కొందరికి లయ మాత్రమే తెలుస్తుంది. రెండూ సరైనవే. అక్షరాలు మసకబారాయని వాటిని గట్టిగా అనుకోవడం మొదలుపెడితే నుదురు నొప్పి పుడుతుంది.

తలనొప్పికి నేను గుర్తించిన కారణాలు మూడు. కనుబొమల మధ్య దృష్టి నిలపమని ఎక్కడో విని, మూసిన కళ్ళను పైకి గుచ్చి చూడటం. పళ్ళు బిగించడం. ఊపిరిని మంత్రానికి కట్టేయడం. మూడోది ముఖ్యం. వాచికంలో ఊపిరి మీదే మంత్రం నడుస్తుంది, కాబట్టి 8, 2 లెక్క అక్కడ సహజం. మానసికంలో నోటికి పని లేదు, ఊపిరి తన దారిన తాను పోతుంది. అయినా పాత లెక్కే పట్టుకుని "ఇప్పుడు పీల్చాలి, ఇప్పుడు వదలాలి" అని నెడితే ఛాతీ బరువెక్కుతుంది. ఊపిరి గురించి మరచిపోవడమే ఇక్కడ నేర్చుకోవాల్సింది.

మంత్రం తప్పిపోతుంది. ఎన్నిసార్లని లెక్కపెట్టడం అనవసరం, తప్పిపోతుంది అంతే. తెలిసిన క్షణంలో ఏం చేస్తామన్నదే విషయం. చేతిలో ఏ పూస ఉంటే అక్కడి నుంచే "శ్రీరామ" అని అందుకోవాలి. మళ్ళీ మేరువు నుంచి మొదలుపెట్టకూడదు. మొదట్లో నేను అలా చేసి ఒక్క మాలకు అరగంట తీసుకున్నాను, ఒళ్ళంతా చిరాకు. మంత్రం అందుకునే ముందు ఆ తలపును విచారించడం కూడా వద్దు: ఎందుకొచ్చింది, ఎంతసేపు పోయాను అంటూ. తలపు మంచిదైనా చెడ్డదైనా మర్యాద ఒకటే. 108 సార్లలో 40 సార్లు మంత్రం తెలిసి నడిచినా ఆ రోజు జపం బాగా జరిగినట్టే లెక్క.

బలం పెట్టకూడదన్న ఈ సూత్రాన్ని అన్నిటికంటే స్పష్టంగా నేర్పే పద్ధతి మహర్షి మహేశ్ యోగిది. జ్యోతిర్మఠం శంకరాచార్యులుగా ఉన్న బ్రహ్మానంద సరస్వతి శిష్యుడాయన. 1950ల నుంచి నేర్పుతూ వచ్చిన ఆ భావాతీత ధ్యానంలో మాల ఉండదు. శిక్షకుడు ఇచ్చిన మంత్రంతో పూటకు 20 నిమిషాలు, రోజుకు రెండుసార్లు కూర్చోవడమే. మంత్రం మారుతున్నా, మసకబారుతున్నా, జారిపోతున్నా పోనిమ్మంటారు. నాది ఆ పద్ధతి కాదు. అయినా చివరి పది రోజులు మానసికపు మాలను పక్కనపెట్టి, పదిహేను నిమిషాలకు అలారం పెట్టుకుని కూర్చున్నాను. గంట మోత చాలా చిన్నదిగా పెట్టుకోండి. పెద్ద మోతైతే గుండె దడదడలాడుతుంది, అంతసేపు కూర్చున్న నెమ్మది ఒక్క క్షణంలో పోతుంది.

లేవడం కూడా అభ్యాసంలో భాగమే. జపం ఆపేశాక రెండు మూడు నిమిషాలు కళ్ళు మూసుకునే ఉండాలి. వేళ్ళు కదిపి, అరచేతులు రుద్దుకుని, అప్పుడు తెరవాలి. పాలవాడు వచ్చాడని గబుక్కున లేచిన రోజుల్లో మధ్యాహ్నం దాకా చిటపటగా ఉండేది. కారణం తెలిసేదాకా దాన్ని జపం వల్ల వచ్చిన చికాకనుకున్నాను.

పగటి పూట ఏం మారిందంటే, మొదట తెలిసింది ఊపిరే. కోపం వచ్చేముందు ఊపిరి పైపైకి వస్తుంది, అది ఇంతకుముందు తెలిసేది కాదు. ఇప్పుడు తెలుస్తోంది. తెలిశాక చేయడానికి ఒక పని చేతిలో ఉంది. పన్నెండు మంత్రాలంటే ఒక నిమిషం. ఫోన్ ఎత్తే ముందో, అధికారి గదిలోకి వెళ్ళే ముందో, పిల్లల మార్కుల కాగితం చేతికొచ్చినప్పుడో పెదవుల మీద పన్నెండు. ఉదయం జపం చేయనివాళ్ళకు ఈ పన్నెండు పనిచేయదు, ఎందుకంటే ఆ లయ ఒంటికి అలవాటై ఉండాలి. నిద్ర పట్టడం తేలికైంది. మోకాలి నొప్పి, జీతం, అప్పు వంటివి ఎక్కడివక్కడే ఉన్నాయి.

కొందరు జాగ్రత్తగా ఉండాలి. బీపీ, థైరాయిడ్, మానసిక వైద్యం మందులు వాడేవాళ్ళు జపం మొదలుపెట్టామని ఒక్క మాత్ర కూడా మానకూడదు. కళ్ళు మూసుకుంటే భయం, గుండెదడ పెరిగేవాళ్ళు ఉంటారు. వాళ్ళు కళ్ళు తెరిచి, పైకి పలుకుతూ, నడుస్తూ చేయవచ్చు. మానసికం వాళ్ళకు తొందరేమీ లేదు. చెవిలో ఎవరో మాట్లాడుతున్నట్టున్నా, దిగులు మరీ ఎక్కువగా ఉన్నా ముందు వైద్యుణ్ణి కలవాలి. ఇంకొకటి, దీన్ని తక్కువమంది చెబుతారు. చేతులు పదేపదే కడుక్కోవడం, తాళం పదిసార్లు లాగి చూడటం వంటి స్వభావం ఉన్నవాళ్ళకు మాల కొత్త బంధనం కావచ్చు. ఒక పూస తప్పితే ఏదో కీడు జరుగుతుందన్న భయం మొదలైతే మాల తీసేసి గడియారం పెట్టుకోండి.

అంకెల మోజు గురించి కూడా ఇక్కడే చెప్పాలి. పురశ్చరణకు, అంటే ఒక మంత్రాన్ని నియమంగా ఇన్నిసార్లని జపించి పూర్తిచేయడానికి, అక్షరానికో లక్ష అంటారు. మన మంత్రానికి పదమూడు లక్షలు. మాలకు 108 అయినా తప్పులకు ఎనిమిది పోగా వందగానే లెక్క. రోజుకు మూడు మాలలంటే దాదాపు 12 ఏళ్ళు. త్యాగరాజస్వామి రోజుకు లక్షా పాతికవేల చొప్పున 21 ఏళ్ళలో 96 కోట్ల రామనామం పూర్తిచేశారని సంప్రదాయం చెబుతుంది. సెకనుకు రెండు చొప్పున అన్నా ఆ లక్షా పాతికవేలకు రోజుకు పదిహేడు గంటలు పైన పడుతుంది. జీవితమే జపమైనవాడి సంగతది. తలచుకుంటే చేతులు జోడించబుద్ధవుతుంది. ఇంటిల్లిపాదికీ వండి, ఉద్యోగానికి పరుగెత్తేవాళ్ళు ఆ అంకెను తమ ముందు పెట్టుకుంటే నోరు పరుగెత్తడం తప్ప ఏమీ మిగలదు. మన ఇళ్ళలో రామకోటి పుస్తకాలు రాసే పెద్దవాళ్ళను గమనించండి. తొందరగా నింపాలనుకున్నవాళ్ళ పేజీల్లో "శ్రీ" కొక్కెంలా మారిపోయి ఉంటుంది. నిదానంగా రాసేవాళ్ళ చివరి పేజీ కూడా మొదటి పేజీలాగే ఉంటుంది.

నలభై రోజుల్లో నాకు నాలుగు పూటలు తప్పాయి. ఒక్కసారి తప్ప, మర్నాడు బాకీ తీర్చడానికి రెట్టింపు చేయలేదు. ఆ ఒక్కసారికే గొంతు బొంగురుపోయింది, మూడో రోజు కూర్చోబుద్ధి కాలేదు. తప్పిన పూట తప్పినట్టే వదిలేసి, మర్నాడు మామూలు లెక్కే. ప్రయాణంలో కరమాల మీద ఒక్క 108 ఉపాంశువు సరిపెట్టుకున్నాను. ఒంట్లో బాగాలేని రోజు పడుకునే పన్నెండు.

నలభై ఒకటో రోజు నుంచి నా వరస ఇది: ఉదయం ఒక మాల పైకి, ఒకటి పెదవుల మీద, తర్వాత పదిహేను నిమిషాలు లోపల. సాయంత్రం ఉపాంశువు ఒక్కటే. లోపల బాగానే నడుస్తోంది కదా అని ఒక వారం వాచికం మానేసి చూశాను. ఐదో రోజుకు లోపల "జయజయ" మళ్ళీ "జేజే" అయింది. పైకి పలికే మాలను మళ్ళీ చేర్చాక రెండు రోజుల్లో సర్దుకుంది. దాన్నిక వదలను. మాల దారం మేరువు పక్కన, తిప్పే చోట, పీచు లేస్తోంది. తెగి పూసలు గది నిండా దొర్లకముందే మళ్ళీ గుచ్చించాలి, ఈసారి పట్టుదారంతో.